హెబ్బగోడి మలుపులో కర్ఫ్యూ

సాయంత్రం ఐదున్నరకు ట్రక్కు మమ్మల్ని బెంగళూరు శివార్లలోని హెబ్బగోడి మలుపులో దించింది. సెక్షన్‌లో పదిమందిమి. నేను హవల్దారును, సెక్షన్ కమాండర్‌ను. సన్నగా తుంపర. మనిషికొక రైఫిల్, లాఠీ, షీల్డు, వాన కోటు, నీళ్ళ సీసా. రోడ్డు పక్కన కాలిపోయిన సిటీ బస్సు నుంచి ఇంకా రబ్బరు కంపు వస్తోంది. ఒక నాయకుణ్ణి అరెస్టు చేశారని మొదలైన గొడవ అది. ఆ నాయకుడెవరో, అతను చేసిన ఘనకార్యమేమిటో నాకు అప్పుడూ అక్కర్లేదు, ఇప్పుడూ అక్కర్లేదు.

ఆర్డర్ సూటిగా ఉంది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా రోడ్డు మీద మనిషి కనబడకూడదు. రైలు, విమానం టికెట్లున్నవాళ్ళనూ, ఆస్పత్రి కేసులనూ, అద్దానికి పాసు అంటించిన బండ్లనూ వదలాలి. మిగతావాళ్ళను ఆపి, అక్కడే కూర్చోబెట్టి, తెల్లారాక పోలీసులకు అప్పజెప్పాలి. ఇసుక బస్తాలు పేర్చాం. బ్యారికేడ్లు అడ్డం పెట్టాం. మాతో స్థానిక కానిస్టేబుల్ ఒకతను ఉన్నాడు.

మా సొంతూళ్ళో వాళ్ళు నన్ను చూస్తే చాలు, "మామా, ఎంతమందిని కాల్చినావు?" అంటారు. ఒళ్ళు మండుతుంది. సరిహద్దులో ఏళ్ళ తరబడి ఉన్నాను. అక్కడ ఎదురుగా ఉన్నవాడు ఎవడో మనకు తెలుసు. హెబ్బగోడిలో ఎదురుగా ఉన్నవాళ్ళంతా మనవాళ్ళే, అంతా మమ్మల్ని తిట్టేవాళ్ళే. చీకటి పడగానే మేడల మీదినుంచి ఈలలు వేశారు. ఎవడో గాజుసీసా విసిరాడు. అది మా వంటవాడి బూటు పక్కన పగిలింది. పైన లైట్లన్నీ టక్కున ఆరిపోయాయి. మగతనమంతా స్విచ్చి దగ్గరే ఆగిపోయింది వెధవలకు.

హోసూరు వైపు నుంచి వచ్చే బస్సులను తమిళనాడు సరిహద్దులోనే నిలిపేశారు. జనం పెట్టెలు ఈడ్చుకుంటూ నడిచి వచ్చారు. ఒక ముసలాయన చెప్పులు తెగిపోయి వట్టికాళ్ళతో వచ్చాడు. రైలు టికెట్ ఉంది కాబట్టి వదిలాం. కారులో వచ్చిన ఒక కంపెనీ కుర్ర ఆఫీసరు విమానం టికెట్ ఫోన్‌లో చూపిస్తూ, "మా పన్నులతో బతుకుతూ మమ్మల్నే ఆపుతారా?" అన్నాడు. నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగాను. "జాగ్రత్తగా పోండి సార్" అన్నాను.

పది దాటాక లైట్లు లేకుండా ఒక టెంపో వచ్చింది. ఆపమంటే బ్యారికేడ్‌ను తాకి ఆగింది. వెనక పదిమంది కూలీలు. కానిస్టేబుల్ టార్చి వేసి ఒక్కసారిగా కన్నడంలో అరిచాడు, "రక్త! రక్త!"

పారల మీద నెత్తురు. గడ్డపార మీద నెత్తురు. మేస్త్రీ చొక్కా మీద చిందిన మరకలు, నుదుట ఎర్రటి బొట్టు. మా కుర్రాళ్ళు రైఫిళ్ళు ఎత్తారు. కూలీలందరూ దిగి, చేతులు తలమీద పెట్టుకుని, రోడ్డు మీద గొంతుక్కూర్చున్నారు.

"స్లాబు సార్! ఈ పొద్దు స్లాబు ఏసినాం! కోడి నెత్తురు సార్ అది!" మేస్త్రీ తెలుగులో మొత్తుకున్నాడు. కదిరి వైపు యాస. మాదీ ఆ పక్కే.

నాకు వెంటనే అర్థమైంది. మా సీమలో స్లాబు రోజున మిక్సర్ ముందు కోడిని కోస్తారు. ఆ నెత్తురు మిక్సర్‌కూ పారలకూ చల్లుతారు. ఇల్లు మనిషి నెత్తురు అడగకూడదని మొక్కు. మా ఇంటి స్లాబుకు మా నాయన కూడా కోశాడు.

"ఇంత రాత్రి దాకా ఏం చేస్తా ఉండారు రా? కర్ఫ్యూ అని తెలీదా?" అన్నాను.

"తెలుసు సార్. మధ్యాన్నం మిక్సర్ చెడిపాయ. స్లాబు సగంలో నిలిపితే అతుకు పడతాది, వానొస్తే ఆడే కారతాది. మొదలుపెట్టినంక ముగించేదాకా దిగేది లేదు సార్."

పోస్టు పక్కన నిలిపిన ట్రక్కులోంచి మా సుబేదార్ సాబ్ దిగి వచ్చాడు. రాజస్థాన్ మనిషి. కోడిగుడ్డు కూడా ముట్టడు. కోడి సంగతి హిందీలో చెప్పాను. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "ఇల్లు కట్టడానికి నెత్తురెందుకు? నెత్తురంటే నెత్తురే. పొద్దున పోలీసులే తేలుస్తారు" అని వెళ్ళి పడుకున్నాడు.

అప్పుడు కూలీల్లోంచి లేచింది ఓబులమ్మ. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. చీర మీద మగవాళ్ళ చొక్కా. మోచేతుల దాకా సిమెంటు.

"అన్నా, నువ్వు మనోడివే గదా. నాలుగు నెల్ల బిడ్డ రూములో ఉండాది. పక్కింటవ్వ కాడ పెట్టొచ్చినా. అదిగో, ఆ నీళ్ళ ట్యాంకు ఎనకనే. నన్నొక్కదాన్ని పోనీ."

ట్యాంకు కనిపిస్తూనే ఉంది. మధ్యలో ఇంకో రెండు పోస్టులున్నాయి. ఆ చీకట్లో పరుగెత్తే మనిషిని అవి ఏం చేస్తాయో నాకు తెలుసు. రేడియో ఆపరేటర్ చేతిలోంచి సెట్టు తీసుకున్నాను.

"పోస్ట్ త్రీ టు కంట్రోల్. కూలీ ఒకామె. పాలు తాగే బిడ్డ తల్లి. దాటించవచ్చా? ఓవర్."

"టికెట్ ఉందా? ఓవర్."

"లేదు."

"ఆస్పత్రి కేసా?"

"కాదు."

"అయితే నెగెటివ్. అవుట్."

ఆమెకు చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "టికెట్టు ఉండేవాళ్ళే మనుసులా? మేం గొడ్లమా?" అంది. సర్కారు మీద వచ్చిన కోపం ఆమె మీద చూపించి, "కూర్చో!" అని గద్దించాను. ఆమె కూర్చోలేదు.

ఒంటిగంటకు మేస్త్రీ ఫోను మోగింది. పక్కింటి అవ్వ. మేస్త్రీ స్పీకర్ పెట్టి ఓబులమ్మ ముందు పట్టుకున్నాడు. "చెక్కెర నీళ్ళు పోస్తే ఉమ్మేస్తా ఉండాదే పాపా, యాడుండావు?" అంటోంది. వెనకనుంచి బిడ్డ ఏడుపు. గుక్క పట్టి, ఆగి, మళ్ళీ గుక్క పట్టే ఏడుపు. ఆ ఏడుపు వినగానే ఓబులమ్మ రెండు చేతులూ గుండెలకు అదుముకుంది. చొక్కా ముందు భాగం తడిసిపోయింది. వాన అప్పటికే ఆగిపోయింది.

మా కుర్రాళ్ళు అటు తిరిగి నిలబడ్డారు. ఒకడికి నెల కిందటే కూతురు పుట్టింది. వాడు హెల్మెట్ కిందికి లాగేసుకున్నాడు.

ఓబులమ్మ ఇసుక బస్తాల వెనక్కి పోయి, మాకు వీపు పెట్టి కూర్చుంది. పాలు గడ్డకట్టి నొప్పి తట్టుకోలేక రోడ్డు మీదికి పిండుకుంది. పిండుకుంటూనే నన్ను తిట్టింది. "నీ చేతులు పడిపోను. నీ తుపాకీ తగలెయ్య. నీ నోట్లో మన్ను బడ. నీ తల్లి నీకు పాలిచ్చినందుకు నెత్తి కొట్టుకోవల్ల." అన్నీ మా అమ్మ నోట నేను విన్న తిట్లే. ఒక్కటీ నాకు అర్థం కాకుండా పోలేదు. మా సెక్షన్‌లో తక్కినవాళ్ళు హిందీవాళ్ళు కావడం వాళ్ళ అదృష్టం.

మూడు దాటాక పాల వ్యాను వచ్చింది. అద్దం మీద ఎర్రక్షరాల పాసు. డ్రైవరు నడివయసు మనిషి, పాత బెంగళూరు తెలుగువాడు. "నమస్కారమప్పా. పాసు ఉండాది, చూసుకో" అన్నాడు. కానిస్టేబుల్ మర్యాదగా బ్యారికేడ్ జరిపాడు.

ఓబులమ్మ లేచి వ్యాను ముందుకొచ్చి నిలబడింది. హెడ్‌లైట్ల వెలుతురులో ఆమె చొక్కా, చేతులు, సిమెంటు అన్నీ కనబడ్డాయి. ఈసారి అరవలేదు.

"ఆ పాలకు పాసు ఉండాది. నా పాలకు లేదా సార్?"

నాకు దుఃఖమొచ్చింది. దానికంటే ఎక్కువగా కోపమొచ్చింది. ఆర్డర్ రాసినవాడి మీద, బస్సు తగలబెట్టినవాడి మీద, ట్రక్కులో గురక పెడుతున్న సుబేదార్ మీద, నా మీద.

"అప్పా, నువ్వు ట్యాంకు ఎనక వీధికే గదా పోయేది?" అని డ్రైవర్‌ను అడిగాను.

"ఆడికే."

"ఈమెను ఎక్కించుకో. ఇంటి కాడ దించు."

డ్రైవరు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "దానికేమప్పా, క్లీనరు అంటా. అడిగేవాడు ఎవడు?" అని పక్క తలుపు తెరిచాడు.

ఓబులమ్మ ఎక్కింది. దండం పెడుతుందేమో అనుకున్నాను, సిగ్గులేక. తలుపు వేసుకుంటూ, "ఈ బుద్ధి పది గంటలకు యాడికి పోయిండె నీకు?" అంది. వ్యాను కదిలింది. రేడియోలో నేనే చెప్పాను, "పాల వ్యాను దాటింది. ఇద్దరు. అవుట్." ముందు పోస్టులు రెండూ వదిలేశాయి.

ఆరింటికి సుబేదార్ తలలు లెక్కపెట్టాడు. ఒకటి తక్కువ. నేనే పంపానని చెప్పాను. బ్యారక్స్‌కు వెళ్ళాక వీపు మీద పూర్తి సామానుతో మైదానం చుట్టూ పరుగెత్తించారు. ఆ శిక్షకు నాకేమీ బాధ లేదు. కూలీలను పోలీసులు తీసుకుపోయారు. ఇంటి యజమాని వచ్చి, కోడి తానే కొనిచ్చానని చెబితే మధ్యాహ్నానికి వదిలారట.

మర్నాటి రాత్రి అదే డ్రైవరు అద్దం దించి చెప్పాడు, "బిడ్డ తాగిందప్పా. తాగి నిద్రపోయింది. ఆయమ్మ మాత్రం దిగేదాకా నిన్ను తిడతానే ఉండె." చాలు అనుకున్నాను.

పదో రోజు కర్ఫ్యూ ఎత్తేశారు. ఆ తర్వాత రెండేళ్ళకు పింఛను తీసుకుని ఊరికి వచ్చేశాను. ఎంతమందిని కాల్చినావని అడిగేవాళ్ళకు ఈ కథంతా ఎక్కడ చెప్పను? వాళ్ళకు కావలసింది ఇది కాదు.

ఆ రాత్రి తెల్లారాక మమ్మల్ని మార్చడానికి వచ్చిన సెక్షన్ కుర్రాడు ఇసుక బస్తా ఒకటి జరపబోయాడు. "అక్కడ పెట్టొద్దు" అన్నాను. తారు మీద అరచేతంత మేర పాలు తెల్లగా ఎండి ఉన్నాయి. పక్కన ఆమె నేలకు ఆనించిన చేతి సిమెంటు గుర్తు, అయిదు వేళ్ళతో సహా. ఇప్పటికీ నాకు అదే కనబడుతుంది.