ఆ రోజు నాకు సామి రాలేదు

మా బంధువుల్లో నన్ను గురించి ఒక కథ ఉంది. పెళ్లిళ్లలో కలిసినా చావు దగ్గర కలిసినా ఎవరో ఒకరు దాన్ని ఎత్తుతారు. పెరటాసి నెలలో ఒక శనివారం మా ఇంట్లో పెరుమాళ్‌కు తళిగ, అంటే అన్నపు నైవేద్యం, వేస్తుండగా ఆ సామే నా మీదికి వచ్చాడట. మా తమ్ముడి భార్య నైవేద్యం ఎంగిలి చేయబోతే ఆమె చేతిని విసిరికొట్టాడట. పానకం తాగాక శాంతించాడట. చెప్పేవాళ్లు చివర్లో నావైపు తిరిగి దండం పెడతారు. నేను తల దించుకుంటాను. దాన్ని వినయం అనుకుంటారు.

ఆ రోజు నా మీదికి ఎవరూ రాలేదు. నా ఒంట్లో సుగర్ పడిపోయింది.

నేను తమిళనాడు ధర్మపురిలో ఇళ్లు కట్టే మేస్త్రీని. నలభై దాటాక సుగర్ బయటపడింది. మొదట మాత్రలు, తర్వాత పొద్దునా రాత్రీ ఇన్సులిన్ సూది. తమ్ముడూ వాడి భార్యా, నేనూ మా ఆవిడా ఒకే ఇంట్లో వేరు పొయ్యిలు పెట్టుకుని ఉంటాం. అమ్మకు ఏ పొయ్యి దగ్గర వాసన బాగుంటే ఆ పూట అక్కడ భోజనం. తమ్ముడి భార్యది మారండహళ్ళి. వాళ్ల నాన్న ఏళ్ల తరబడి ఈ సూదితోనే బతికిన మనిషి. నాకు సూది మొదలైన వారంలోనే ఆమె ఒక గ్లూకోజ్ పొట్లం తెచ్చి నా ముందు పెట్టింది.

"బావా, ఇది జేబీలో ఉంచుకోండి. చెమట పట్టి చేతులు వణికితే వెంటనే నోట్లో వేసుకోవాల."

"సుగర్ వచ్చినోనికి సక్కెర తినిపిస్తావామ్మా? నన్ను పంపించి ఇల్లు రాయించుకోవాలని చూస్తాండావా?"

"ఈ కారే ఇల్లా? మేస్త్రీ ఇంట్లోనే వాన కురస్తాంది. నాకెందుకు బావా?"

అమ్మ కూడా నవ్వింది. పొట్లం బీరువాలోకి పోయింది.

ఆ శనివారం సంగతికి వస్తాను. తళిగ రోజు మా ఇళ్లల్లో మగవాళ్లు నామం పెట్టుకుని, ఇత్తడి చెంబుకు కూడా నామం దిద్ది, గోవిందా అంటూ వీధుల్లో తిరిగి బియ్యం అడుగుతారు. ఎంత ఉన్నవాడైనా అడగాల్సిందే. ఆ బియ్యం కలిపి వండిన అన్నాన్ని అరటాకుల మీద రాశి పోసి, బెల్లమూ బియ్యప్పిండీ కలిపిన ముద్దతో దీపాలు చేసి, నెయ్యి పోసి వెలిగిస్తారు. ఆ దీపాలు కొండెక్కేదాకా ఇంట్లో ఎవరూ ఏమీ తినరు.

నేను తెల్లవారగానే మామూలుగా సూది వేసుకున్నాను. సూది మానొద్దని డాక్టర్ చెప్పాడు. వేసుకున్నాక తినకుండా ఉండొద్దని కూడా చెప్పాడు. మొదటి మాట పట్టుకుని, రెండోది సామి చూసుకుంటాడనుకున్నాను. ఉపవాసం ఉంటానని డాక్టర్‌తో అనలేదు. అంటే వద్దంటాడని తెలుసు.

ఎండ ఎక్కేదాకా తిరిగాం. ఇంటికి వచ్చేసరికి చొక్కా లేని ఒళ్లు చెమటతో తడిసిపోయింది. ఎండ అనుకున్నాను. పూజ గదిలో జనం, పొగ. నాలుక మందంగా అయింది. పటంలో పెరుమాళ్ నామం రెండుగా కనిపించింది. ఎవరో కూర్చోమన్నారు. ఎందుకో వాళ్లను కొట్టాలన్నంత కోపం వచ్చింది. చేతులు వణకడం మొదలైంది. ఆపుదామంటే ఆగలేదు. గంట మోగింది, గోవింద నామం గట్టిగా లేచింది.

"సామి వచ్చినాడు, జరగండి" అన్నారెవరో.

ఇక్కణ్ణుంచి కొంత నాకు గుర్తున్నది, కొంత వాళ్లు చెప్పగా విన్నది. తమ్ముడి భార్య వంటింట్లోంచి వచ్చింది. "అత్తా, ఇది సామి కాదు. బావ పొద్దున సూది వేసుకొని ఉండాడు. సుగర్ దిగిపోయింది" అంది. ఎవరూ కదల్లేదు. ఆమెకు చేతికి అందిన తీపి ఒక్కటే, ఇంకా వెలిగించని దీపాల పిండి. అందులోంచి ఒక ముద్ద తుంచి నా నోటి దగ్గరికి తెచ్చింది.

నేను ఆ చేతిని కొట్టాను. ముద్ద ముగ్గు మీద పడింది. "పో" అని కూడా అన్నానట.

మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, నోరు నొక్కుకుంది. "సామికి చూపించకముందే పిండి గిల్లింది. సామికి కోపం రాకుండా ఉంటాదా?"

సామి వచ్చినవాళ్లకు మావాళ్లు పానకం ఇస్తారు, చల్లబడాలని. నాకూ పోశారు. ఒక చెంబు కింద ఒలికింది, రెండోది లోపలికి పోయింది. మూడోది నేనే పట్టుకుని తాగానట. బెల్లమూ నీళ్లే కదా, కాసేపటికి వణుకు తగ్గింది. "చూసినారా, సామి దిగినాడు" అన్నారు.

నాకు స్పష్టంగా ఉన్న మొదటి గుర్తు నాలుక మీద బెల్లం, యాలకుల వాసన. రెండోది ఆమె ముఖం. వంటింటి గడప దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. వేళ్లకు పిండి అంటుకునే ఉంది. నేను నోరు విప్పితే చాలునని ఎదురుచూస్తోంది. జరిగింది ఏమిటో నాకు అప్పటికే అర్థమైంది. బీరువాలోని పొట్లం కూడా గుర్తొచ్చింది.

అంతలో మా మామ ఒకాయన, ఎప్పుడూ నన్ను లెక్కచేయని పెద్దమనిషి, వంగి నా పాదాలు తాకాడు. నేను ఆయన తల మీద చేయి పెట్టాను. ఆ చేయి ఎత్తింది నేనే. అప్పటికి నాకు పూర్తిగా తెలివి ఉంది.

సాయంత్రం తమ్ముడు మిద్దె మీదికి వచ్చాడు.

"అన్నా, ఆ యమ్మ ఏడస్తాంది. సుగర్ అంటాంది. నిజమేనా?"

"నాకేం తెలుసురా? నాకు గ్యానమే లేదు."

"ఏమీ గుర్తు లేదా?"

"లేదు."

వాడు నన్ను నమ్మాడు, కిందికి పోయి భార్యతో గట్టిగా మాట్లాడాడు. ఆ మాటలు నాకు మిద్దె మీదికి వినిపించాయి.

మరుసటి ఏడు పెరటాసి రాగానే అమ్మ ఆమెను పిలిచి, "నీ చేయి సామికి సరిపోలేమ్మా. తళిగ దినం దూరంగా ఉండు" అంది. అరవలేదు, తిట్టలేదు. ఆమె ముందురోజే మారండహళ్ళి బస్సెక్కింది. తర్వాత ప్రతి ఏడూ అంతే. ఎవరైనా అడిగితే పుట్టింట్లో పని ఉందని చెప్పేవాళ్లం. నాకు మాత్రం మర్యాద పెరిగింది. ముగ్గు పోసి కొలతలు వేసే రోజున ఇంటివాళ్లు నన్ను పక్కకు పిలిచి, "మీ చేత్తో మొదటి రాయి పెట్టండి మేస్త్రీ" అనేవాళ్లు. పెట్టేవాణ్ణి. నచ్చింది నాకు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ రోజు నుంచి ఆమె ఇచ్చిన పొట్లం నా జేబులో ఉంది. అయిపోతే మరొకటి కొనుక్కున్నాను. పనిలో ఎప్పుడైనా చెమట మొదలైతే ఇసుక కుప్ప వెనక్కి పోయి, ఎవరూ చూడకుండా నోట్లో పోసుకుని కూర్చునేవాణ్ణి. ఒంట్లో నెమ్మది వచ్చాక లేచి వచ్చేవాణ్ణి. ఆమె మాట విని బతుకుతూ, ఆమె మాట అబద్ధమన్నట్టు తిరిగాను.

ఈ ఏడు ఎండాకాలంలో ఒక ఇంటికి స్లాబు వేశాం. కాంక్రీటు మొదలుపెడితే మధ్యలో ఆపలేం. భోజనం తప్పింది. జేబులో ఉన్నది అక్కడే అయిపోయింది. కాస్త కుదుటపడ్డాననిపించి బండి తీశాను, అది ఇంకో తప్పు. ఇంటి వరండాలో కూర్చునేసరికి మళ్లీ ఒళ్లు వణికింది. అమ్మా మా ఆవిడా ఊళ్లో లేరు. తమ్ముడి భార్య బట్టలు ఆరేస్తూ నన్ను చూసింది. లోపలికి పోయి గ్లాసులో చక్కెర నీళ్లు తెచ్చింది. నాకు ఇవ్వలేదు. నా ముందు నేల మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడింది.

"తాగండి బావా. నేను నోటి దగ్గరికి తేనులే."

రెండు చేతులతో గ్లాసు పట్టుకుని తాగాను. నాకు సర్దుకునేదాకా ఆమె అక్కడే ఉంది. తర్వాత రెండు ఇడ్లీలు తెచ్చి అవీ నేల మీదే పెట్టింది. "తీపి ఒకటే చాలదు. ఇవీ తినండి" అని బట్టల దగ్గరికి పోయింది.

దీన్ని కాగితం మీద పెడితే బరువు తగ్గుతుందని మొదట అనుకున్నాను. కానీ మా ఇంట్లో తెలుగు మాట్లాడతారే గాని నాకు తప్ప ఎవరికీ దాన్ని చదవడం రాదు. వాళ్లు చదవలేని అక్షరాల్లో తప్పు ఒప్పుకుంటే ఆమెకు ఒరిగేదేమీ లేదు. అందుకని ముందు నోటితో చెప్పాను, ఆ తర్వాతే రాస్తున్నాను.

ఈ పెరటాసిలో తళిగ ముందురోజు, ఆమెను బస్సెక్కించొద్దని తమ్ముడికి చెప్పాను. శనివారం పొద్దున సూది వేసుకుని, అందరూ చూస్తుండగా కూర్చుని ఇడ్లీ తిన్నాను.

"తళిగ కాకుండానే తింటాండావేమిరా?" అంది అమ్మ.

"తినకుండా ఉండి ఆ పొద్దు ఏం జరిగిందో తెలుసు గదమ్మా. సామి రాలే. సుగర్ పడిపోయింది. ఆ యమ్మ చెప్పిందే నిజం. నాకు అప్పుడే తెలుసు."

మా మామ, నా కాళ్లు తాకిన ఆయన, నెమ్మదిగా అన్నాడు. "ఆ పొద్దు వచ్చింది సామే. ఈ పొద్దు మాట్లాడేది సుగర్. ఈ అబ్బునికి పానకం కలపండి."

కొందరు నవ్వారు. పెద్దమ్మ నిజంగానే బెల్లం కోసం లేచింది. తమ్ముడు మాత్రం నవ్వలేదు. లోపలికి పోయి సుగర్ చూసే మిషన్ తెచ్చి, నా వేలు గుచ్చి, అంకె చూసి మామకు చూపించాడు.

"సరిగ్గానే ఉంది మామా. తెలివితోనే చెప్తాండాడు." తర్వాత నావైపు తిరిగాడు. "మిద్దె మీద నేను అడిగినప్పుడు కూడా తెలివితోనే చెప్పినావా అన్నా?"

"అవును."

వాడు మిషన్ పెట్టెలో పెట్టి బయటికి పోయాడు. పూజ అయ్యేదాకా లోపలికి రాలేదు.

అమ్మ బియ్యప్పిండి తాంబాళాన్ని తమ్ముడి భార్య నిలబడ్డ గడప వైపు జరిపింది. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఆ పొద్దే చెప్పుంటే సరిపోతుండె బావా" అంది.

చేతులు కడుక్కొచ్చి కూర్చుని బెల్లం నలిపింది. దీపాలు వెలిగాయి, కొండెక్కాయి. ఆమె పిండి ముద్దలు తుంచి అందరికీ వరుసగా చేతుల్లో పెడుతూ వచ్చింది. మామకు పెట్టింది. పెద్దమ్మకు పెట్టింది. నా దగ్గరికి వచ్చినప్పుడు నేను చేయి చాపాను. ఆమె ఒక అరటాకు ముక్క తెచ్చి నా ముందు నేల మీద పరిచి, ముద్ద దాని మీద పెట్టి, పక్కవాళ్ల దగ్గరికి పోయింది.

చాపిన చేతితోనే వంగి తీసుకుని తిన్నాను.