గలగల పంపు విప్పేసిన రోజు

మా ఒకేషనల్ కాలేజీలో ఆ పిల్లని అందరం గలగల అనేవాళ్లం. ఎలక్ట్రికల్ క్లాసుకంతటికీ ఒక్కతే ఆడపిల్ల, నోరు మాత్రం క్లాసు మొత్తానికీ సరిపడా! అలాంటి దాని నోటికి తాళం వేసింది ఓ కొత్త రూలు. ప్రాజెక్టు చేస్తే చాలదట, దాన్ని ఇంగ్లీషులో వివరిస్తేనే సగం మార్కులట.

ఇంగ్లీషు టీచర్ని కదా, నేర్పే పని నా నెత్తిన పడింది. నేనూ తెలుగు మీడియం బాపతే కదా, చేతులు కట్టుకుని నిలబడి అప్పజెప్పడమే నాకు తెలిసిన చదువు. గలగల అలా నిలబడితే "సార్, దిస్ ఈజ్..." దగ్గరే బండి ఆగిపోయేది.

"ఫెయిలైతే పంపుల కంపెనీ వాళ్లు ఉద్యోగంలోకి తీసుకోరు మేడమ్. ఇంక అన్నయ్య కొట్లో కూర్చుని మా వదిన సాధింపులు వినాల్సిందే," అని ముక్కు ఎగబీల్చేది.

ఒకనాడు వర్క్‌షాపులోకి తొంగిచూశాను. మోటారుకి తీగ చుడుతూ, "నౌ ఐ పుట్ పేపర్, దెన్ వైర్," అని తనలో తానే వాగుతోంది!

"ఓసి నీ దుంప తెగ, వస్తోందిగా!"

"చేతిలో పనుంటే వస్తుంది మేడమ్. ఖాళీగా ఉంటే ఈ చేతులెక్కడ పెట్టుకోవాలా అనే గొడవ."

ఆ రోజు నుంచి మా ఇంగ్లీషు క్లాసు వర్క్‌షాపు బల్ల దగ్గరే.

పరీక్ష రోజు బయటి కాలేజీ నుంచి ఎగ్జామినరు వచ్చాడు. గలగల బాగుచేసిన పంపు బల్ల మీద మెరుస్తోంది. ఆయన దాన్ని నడిపి చూడకుండానే "ఎక్స్‌ప్లెయిన్" అన్నాడు. అంతే, ఇది జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసింది.

"ఫస్ట్, ఐ ఓపెన్ కవర్!"

గుమ్మం దగ్గర నేను వద్దు వద్దని చేతులూపుతూనే ఉన్నాను. చూస్తేగా! ఇంగ్లీషు ధారాళంగా పారింది, పంపు ముక్కలు ముక్కలైంది.

"బాగా చెప్పావమ్మా. మరి పనికి మార్కులేద్దామంటే పంపేదీ?" అన్నాడాయన.

"పాత సామాన్ల కొట్టు పెట్టింది సార్!" అని వెనక నుంచి ఒకడు.

గలగల మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను ఉండబట్టలేక లోపలికి దూరాను. "కాస్త ఆగండి సార్, మళ్లీ బిగించేస్తుంది!"

"బిగించమనండి. కానీ నోరు ఆపకూడదు," అన్నాడు.

"నౌ ఐ క్లోజ్..." అంటూ మొదలుపెట్టింది. ఒక్కో ముక్కా బిగిస్తూ పోయింది, మాట ఎక్కడా తడబడలేదు. చివరికి గొట్టం నీళ్ల బకెట్లో ముంచి స్విచ్ వేసింది. పంపు గుర్రుమంది, దగ్గింది, ఒక్కసారిగా నీళ్లు ఎగజిమ్మి ఆయన బూట్లు తడిపేసింది.

"సారీ సార్! వాటర్ ఈజ్ కమింగ్!"

"తెలుస్తోందమ్మా!" అని ఆయన పడీపడీ నవ్వాడు. పనికీ, మాటకీ రెండింటికీ మార్కులు పడ్డాయి.

ఇప్పుడా పంపుల కంపెనీలో గలగలే పెద్ద మేస్త్రి. మొన్న మా ఇంటికొచ్చి కబుర్లాడుతుంటే ఆఫీసు నుంచి ఇంగ్లీషు ఫోను వచ్చింది. "హలో" అని, కంగారుగా అటూఇటూ చూసింది. నాకు తెలీదూ! వంటింట్లోకి పరిగెత్తి, గరిటె తెచ్చి చేతిలో పెట్టాను.