షమీమ్ ఇచ్చిన పరీక్ష

జిరాక్సు మిషన్లోంచి అప్పుడే వచ్చిన హాల్ టికెట్ వెచ్చగా, కాలిన కాగితం వాసన వేస్తూ చేతిలో ఉండగానే, మా అమ్మాయి ఫోన్లో ఎవరితోనో ‘అయామ్ టేకింగ్ ది ఎగ్జామ్’ అంది. ఏ.ఎస్. రావు నగర్ బజారులో ఆ మాటకి ఎవరూ తలతిప్పి చూడలేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

నా చిన్నప్పుడు మా చిలకలగూడలో మార్చి అంటే వేపపూత రాలే మధ్యాహ్నాలు, కొత్త పరీక్ష అట్ట, సిరా మరకల వేళ్లు, పరీక్షల ముందు ఆదివారం పిల్లల పెన్నులన్నీ ఒక పళ్లెంలో పెట్టించి మా పాస్టరుగారు చేసే ప్రార్థన. పక్క పోర్షన్లో దర్జీగారి అమ్మాయి షమీమ్ తన పెన్ను కూడా నాతోనే చర్చికి పంపేది. సాయంత్రం నా పెన్ను మీద వాళ్ల నానమ్మ దువా చదివి ఊది, మా ఇద్దరి నోట్లో చెరో చిటికెడు పంచదార వేసేది. మా ఇంట్లో పరీక్ష రాసేవాళ్లం, వాళ్లింట్లో ఉర్దూలో అన్నట్టే పరీక్ష ఇచ్చేవాళ్లు. ఇంగ్లీషులోనూ మా నాన్నది ‘రైట్’, వాళ్లది ‘గివ్’. ఒకే మెట్ల మీద కూచుని చదువుకున్నన్నాళ్లు అదొక తేడా అని మాకు తోచనే లేదు.

ఏడో తరగతి తరవాత ఇంగ్లీషు మీడియంలో ఒక్క సీటు మిగిలింది. షమీమ్‌కి నాకన్నా మార్కులు ఎక్కువ. అయినా ఇద్దరినీ మాట్లాడించి చూస్తానంది ఇంగ్లీషు మిస్. పరీక్షకి ‘సిట్’ అనాలని, ఇంకేమన్నా ఆవిడకి గిట్టదని పెద్ద క్లాసు అక్క ఒకామె ముందురోజే నా చెవిన వేసింది. గోడకి అవతలే షమీమ్ ఉంది. నేను చెప్పలేదు.

మర్నాడు పరీక్షల సంగతి అడిగితే షమీమ్ ‘ఐ గేవ్ వెల్, మిస్’ అంది.

“ఎవరికిచ్చావే, పక్కింటివాళ్లకా?”

మిస్ నవ్వింది, స్టాఫ్ రూములో టీచర్లంతా నవ్వారు, నేనూ నవ్వాను. తరవాత నా వంతు వస్తే ‘ఐ శాట్’ అన్నాను, సీటు నాకొచ్చింది. ఇంగ్లీషు లేని చదువెందుకని వాళ్ల నాన్న షమీమ్‌ని తొమ్మిదిలోనే మాన్పించి కుట్టుమిషన్ ముందు కూచోబెట్టాడు. ఎక్కడో ఎవరో అనే మాటకి, మా మెట్ల మీది మాటకి ఎక్కువ తక్కువలు కట్టడానికి ఆవిడెవరు? ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

ఇప్పుడా పోర్షన్లు లేవు, ఆ మెట్లూ లేవు, అక్కడ అయిదంతస్తుల అపార్ట్‌మెంటు లేచింది. పోయిన నెల బోయిన్‌పల్లి మార్కెట్లో టమాటాలు ఏరుకుంటూ, జుట్టంతా నెరిసి, షమీమ్ కనిపించింది. పిల్లల సంగతులడిగింది. నేను మిస్‌ని తిట్టడం మొదలుపెడితే నా చెయ్యి పట్టుకుని అంతా విని, మెల్లగా అంది:

“గా సిట్ మాట నీకు ముందుగాల్నే ఎర్కనా?”

ఇన్నేళ్లుగా నాకు కోపం ఎవరిమీదో అప్పుడు తెలిసింది.

“లేదే,” అన్నాను.