ఆమేన్ తర్వాతే గాలం

గడ్డకట్టించే చలిలో కూడా నీళ్ళ అడుగున ప్రాణాన్ని కాపాడుతున్న దేవునికి స్తోత్రం. చేపలు పట్టేవాళ్ళను ఏరి తన వెంట నడిపించుకున్న ప్రభువు, మా బావగారినీ నన్నూ ఎన్నో చలికాలాలపాటు పక్కపక్కన నిలబెట్టినందుకు, కన్నీళ్ళతోనే అయినా ఆయనకు కృతజ్ఞతాస్తుతులు.

ఇర్వింగ్‌లో ఇల్లు ఖాళీ చేసి, దూరాన వేరే రాష్ట్రంలో బాతెల్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, మా అక్క మొన్న గరాజ్‌లోంచి బావగారి గాలపు కర్ర తెచ్చి నా కార్‌లో పెట్టింది. పిడికి ఆయన చుట్టిన నల్ల టేపు ఇంకా ఊడలేదు.

అమెరికా వచ్చిన కొత్తలో శనివారాలు ఎంత పొడుగ్గా ఉండేవో నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి సరుకులు తెచ్చుకుంటే మిగతా రోజంతా ఖాళీయే. బావగారి ఆఫీసులో రిటైరైన ఒక అమెరికన్ పెద్దాయనకు సరస్సు ఒడ్డున ఇల్లూ, నీళ్ళలోకి చెక్కలతో కట్టిన బోట్ డాకూ ఉండేవి. చలికాలంలో ఎప్పుడైనా వచ్చి చేపలు పట్టుకోమన్నాడు. బందరు చేపల మార్కెట్టు ఎరిగిన మాకు క్రాపీ కొత్త. వెండి ఒంటి మీద నల్లచుక్కలుండే అరచేతంత చేప, చలి ముదిరితే డాక్ కింద స్తంభాల పక్కన గుంపుగా, దాదాపు కదలకుండా నిలిచి ఉంటుంది. ఎర దాని తలకు కాస్త పైన ఆగాలి, కిందికి జారితే పట్టించుకోదు. నోట పెట్టుకున్నా గుంజదు, బిగుతుగా ఉన్న దారం కొంచెం వదులవుతుంది, అంతే. గట్టిగా లాగామా, పలుచని పెదవి చిరిగి చేప పోతుంది. అందుకని చేతులు కొంకర్లు పోతున్నా మాట్లాడుకోకుండా దారాన్నే చూస్తూ నిలబడేవాళ్ళం.

అయితే దానికి ముందు ప్రార్థన ఉండేది. బావగారు ప్రార్థించాలి, నేను ఆమేన్ అనాలి, ఆ తర్వాతే గాలాలు నీళ్ళలో పడాలి. ఆయన ప్రార్థన పొడుగు. ఉద్యోగం పోయినవాళ్ళు, వీసా రానివాళ్ళు, పరీక్షలున్న పిల్లలు అందరూ పేరుపేరునా వచ్చేవారు, చిట్టచివర మా తెలుగు క్రైస్తవ సంఘం వచ్చేది.

"బావగారూ, మీరింకా సాగదీస్తే కింద చేపలన్నీ రక్షణ పొంది వెళ్ళిపోతాయండీ," అనేవాణ్ణి.

"ఒరేయ్, లోపమంతా నీ ఆమేన్‌లో ఉంది. గొంతు పెంచు," అనేవారు.

పట్టిన చేపలకు అక్క ఆ రాత్రే కారం పట్టించి, ఆదివారం ఆరాధనయ్యాక వేపుడు చేసేది. సంఘమంతా ఒకే హాల్లో కూర్చుని తినేవాళ్ళం.

తర్వాత పిల్లలు పెద్దవాళ్ళవుతుంటే, ఆరాధన ఇంగ్లీషులో పెట్టాలా, తెలుగులోనే ఉంచాలా అన్న మాట మొదలై, పెరిగి, సంఘం రెండుగా చీలింది. బావగారు తెలుగు ఆరాధనతో ఉండిపోయారు, నేను పిల్లల్ని తీసుకుని రెండో సంఘానికి వెళ్ళాను. ఇళ్ళకు రాకపోకలు తగ్గినా ఇద్దరం డాక్ మానలేదు. కానీ చీలిక తర్వాతి మొదటి శనివారం ఆయన ప్రార్థన చేస్తూ చేస్తూ, సంఘం దగ్గరికి వచ్చి ఆగిపోయారు. ఏ సంఘాన్ని తలవాలో తెలియలేదనుకుంటాను. నా నోట ఆమేన్ రాలేదు. ఆ రోజునుంచీ ఎవరి ప్రార్థన వాళ్ళం మనసులోనే చేసుకుని గాలం వేసేవాళ్ళం.

అలా ఏళ్ళు గడిచాయి. పోయిన చలికాలం, ఆయన జబ్బుకు ఇక మందులు పనిచేయవని డాక్టర్లు చెప్పాక, ఆయన డాక్‌కి తీసుకెళ్ళమన్నారు. "ఈ చలిలోనా, మీకేమైనా మతిపోయిందా?" అని అక్క కోప్పడుతూనే రెండు దుప్పట్లు తెచ్చి కార్‌లో వేసింది. డాక్ మీద కుర్చీ వేసి కూర్చోబెట్టి, కర్ర చేతికిచ్చాను. ఆయన గాలం వేయలేదు.

"ఇవాళ నువ్వు చెయ్యరా. పైకి చెయ్యి. నాకు వినబడాలి."

నేను ప్రార్థించాను. చివర ఆయన సంఘం పేరు చెప్పాను, వెంటనే నా సంఘం పేరూ చెప్పాను. దుప్పటిలోంచి ఆమేన్ అన్నారు. ఎప్పుడూ హాలంతా మోగే గొంతు పక్కనే ఉన్న నాకు సరిగా వినబడలేదు. నేను గాలం వేసి, కాసేపటికి ఏదో పరధ్యానంలో ఉంటే, "దారం చూడు," అన్నారు. వదులైంది. మెల్లగా పైకెత్తాను. ఆ చేపను అక్క వేయిస్తే ఒక్క ముద్ద తిన్నారు. అంతకుమించి మింగుడుపడలేదు.

చలి తగ్గకముందే ప్రభువు ఆయనను పిలుచుకున్నాడు. సమాధి ఆరాధనకు రెండు సంఘాలూ వచ్చి, నడిదారికి అటొకటి ఇటొకటిగా కూర్చున్నాయి. పాటలు మాత్రం కలిసే పాడాం. ఆ ఆదివారం మళ్ళీ ఎవరి హాలుకు వాళ్ళం డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాం. ఒకే హైవే, ఎగ్జిట్లే వేరు. ఎవరి పిల్లల కోసమని విడిపోయామో ఆ పిల్లలు ఉద్యోగాలకని తలో ఊరికి వెళ్ళిపోయారు. ఒక్క హాల్లో కూర్చుని తిన్న ఆ భోజనాలను తలుచుకునే వాళ్ళం కొద్దిమందిమే మిగిలాం, మేమూ రెండు చోట్ల ఉన్నాం.

ఈ ఉదయం ఆయన కర్ర తీసుకుని డాక్‌కి వెళ్ళాను. రెండు సంఘాల పేర్లూ పలికి పైకే ప్రార్థన చేశాను. పక్కన ఆమేన్ అనేవాళ్ళు లేరు. గాలం నీళ్ళకు జానెడు పైన వేలాడుతూనే ఉంది. దించడానికి చేయి రాక దారం చుట్టేసుకుని వచ్చేశాను.

చదువుతున్న మీరు ఎక్కడ ఉన్నా, ఏ సంఘంలో ఉన్నా, ఒక్క క్షణం తల వంచండి. ఒంటరిదైన మా అక్క కోసం, చీలిన మా సంఘం మళ్ళీ ఒక్కచోట కూర్చుని రొట్టె విరవాలని నాతో కలిసి ప్రార్థించండి. చివర ఆమేన్ మీరు అనండి. వచ్చే శనివారం గాలం దించుతాను.