వస్తానని అనకూడని ఇల్లు

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు, ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. టెక్కలిలో హైస్కూలు పిల్లలకి పద్దెనిమిదేళ్ళుగా సైన్సు చెబుతున్నాను. బాత్రూముల వెనక తెల్లచీర కనబడిందని ఏడుస్తూ వచ్చిన పిల్లని చెయ్యి పట్టుకుని అక్కడికే తీసుకెళ్ళి, గోడ మీద ఆరేసిన సిమెంటు గోనె చూపించినదాన్ని. ఇలాంటి కబుర్లు ఎవరైనా మొదలుపెడితే మధ్యలోనే ఆపి, "నువ్వు చూశావా? పోనీ, చూసినవాళ్ళని చూశావా?" అని అడిగే రకం.

అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ బయటపెట్టలేదు. అదే ప్రశ్న నన్నెవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలీదు.

మా చెల్లెలు సుజాత పలాసకీ మందసకీ మధ్య ఒక కాలనీలో ఉంటుంది. వాళ్ళింకా అక్కడే ఉంటున్నారు కాబట్టి కాలనీ పేరు రాయను. ముందు పెద్ద ఆర్చి, లోపల ఒకే కొలతలో కట్టిన డూప్లెక్స్ ఇళ్ళు, క్లబ్‌హౌసు, వాకింగ్ ట్రాకు, పార్కు. ఉండేదంతా జీడిపప్పు ఫ్యాక్టరీల యజమానులు, కాంట్రాక్టర్లు, కొబ్బరి వ్యాపారులు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దాన్ని 'పెద్దోల కాలనీ' అంటారు. గేటు బయట ఆడవాళ్ళు మంచినీళ్ళ డబ్బాల కోసం వరసలో నిలబడి ఉంటే, లోపల గడ్డికి రోజుకి రెండు పూటలా నీళ్ళు చిమ్ముతారు.

నాకు మాత్రం అక్కడ ఎప్పుడూ కాలు నిలిచేది కాదు. మధ్యాహ్నం వీధిలోకి వస్తే ఏసీల చప్పుడు తప్ప మనిషి గొంతు వినబడదు. హాల్లో కూచుంటే బాల్కనీలోకి వెళ్ళాలనిపించేది, బాల్కనీలోకి వెళ్తే మళ్ళీ లోపలికి రావాలనిపించేది. "నీ కాళ్ళలో చక్రాలున్నాయేమిటే అక్కా, కాసేపు కూచోవే!" అని సుజాత విసుక్కునేది.

కాలనీ మొదలై ఐదేళ్ళయిందని అసోసియేషన్ వాళ్ళు ఒక పుస్తకం వెయ్యాలనుకున్నారు. కాలనీ ఎలా మొదలైంది, ఎవరెవరున్నారు, ఏమేం సౌకర్యాలున్నాయి, ఇలా ఒక పరిచయం. తెలుగు రాసేవాళ్ళు ఎవరున్నారని అడిగితే మా చెల్లెలు నా పేరు చెప్పేసింది. దానికేం, చెయ్యి ఎత్తడమే కదా పని.

వరసగా నాలుగు ఆదివారాలు ఇంటింటికీ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ ఒక గ్లాసు జ్యూసు, ఒక పళ్ళెం వేయించిన జీడిపప్పు, చలువరాయి ఎక్కణ్ణించి తెప్పించారో కథ. "ఈ ఇళ్ళకి ముందు ఇక్కడ ఏముండేది?" అని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే మాట. "ఏమీ లేదండీ, ఖాళీ స్థలం."

ఖాళీ స్థలంలో అంత పెద్ద జీడిచెట్టు ఎలా పెరుగుతుంది? పార్కు మధ్యలో ఒకటుంది. చుట్టూ గుండ్రంగా గట్టు కట్టి, రంగు లైట్లు చుట్టారు. ఆ మాటే సుజాత ఇంట్లో పనిచేసే రవణమ్మతో అంటే నవ్వింది.

"ఖాళీ ఏటమ్మా, మీకు తెల్దా? ఇదంతా జీడితోట కాదేటి! నీలమ్మని అడగండి, ఆల్లే కాపలా కాసీవోరు."

నీలమ్మ అక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలో కూతురు గౌరి ఇంట్లో ఉంటోంది. ఆ ఆదివారం మధ్యాహ్నం రవణమ్మ చెప్పిన గుర్తులు పట్టుకుని వెళ్ళాను. డెబ్భై దాటిన మనిషి, పొట్టిగా, బూడిదరంగు చీరలో అరుగు మీద కూచుని ఉంది. బరువైన కమ్మలు పెట్టుకుని పెట్టుకుని ఎప్పుడో తెగిపోయాయేమో, రెండు చెవి తమ్మెలూ చీలిపోయి ఉన్నాయి.

"రా తల్లీ, కూకో. ఏటి కావాల?"

తోట గురించి అడగగానే ఆవిడ ముఖం విప్పారింది. నలభై ఏళ్ళు ఆ తోటలోనే పాకలో ఉన్నారట, మొగుడూ పెళ్ళామూ. నలుగురు పిల్లలూ అక్కడే పుట్టారట. పెద్ద తుపానుకి చెట్లన్నీ పడిపోయాయి, ఒక్కటే నిలబడింది. తోట యజమాని స్థలం అమ్మేసుకున్నాడు. మొగుడు పోయాక ఆవిడ ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టడానికి వెళ్ళింది.

"ఇదిగో సూడు" అని బొటనవేలు చూపించింది. నల్లగా, నున్నగా ఉంది. "రేసను మిసన్‌కి నా ఏలు పడదు తల్లీ. పిక్కలు కొట్టీటప్పుడు కారే జీడిరసం గీతలన్నీ తినీసినాది. నానెవరో ఆ మిసన్‌కి తెల్దు."

అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నేను లేస్తుంటే చెయ్యి పట్టుకుంది. "ఆ పుత్తకంలో నా పేరు రాత్తావా? ఆ తోట కాసింది నీలమ్మని రాయి, సాలు. నానేటి సదూకున్నానా? నువ్వే వొచ్చి సదివి ఇనిపించాల."

"తప్పకుండా వస్తానమ్మా" అన్నాను.

"బేగి రా."

ఆవిడ గురించి ఒక పేరా రాశాను. నాకు నేను చెప్పుకోకూడదు గానీ, పుస్తకం మొత్తంలో బాగున్నది అదొక్కటే. అసోసియేషన్ ప్రెసిడెంటు గారు చదివి చాలా మర్యాదగా అన్నారు: "బ్రహ్మాండంగా రాశారు మేడం. ఈ ఒక్క పేరా తీసేద్దామండీ. ఇక్కడ ఎవరో ఉండేవారు, ఖాళీ చేసి వెళ్ళిపోయారు అంటే చదివేవాళ్ళకి బాగోదు కదా."

వాదించి ఉండాల్సింది. బడిలో హెడ్మాస్టరుతోనే ఢీ అంటే ఢీ అనేదాన్ని, అక్కడ మాత్రం తలూపేశాను. చెల్లెలు కాపురం చేస్తున్న చోటు, గొడవెందుకు అనుకున్నాను. "మీ ఇష్టమండీ" అన్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

తన పేరు లేని పుస్తకం గురించి చెప్పడానికి ఆవిడ దగ్గరికి ఎలా వెళ్తాను? వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ రెండు నెలలు గడిపేశాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, బస్సు నీలమ్మ వాళ్ళింటి మలుపు దగ్గరికి వస్తే చాలు, రెండో వైపుకి తల తిప్పుకునేదాన్ని.

ఒకరోజు రవణమ్మ ఫోను చేసింది. నీలమ్మ పోయింది.

మూడో రోజు పలకరింపుకి వెళ్ళాను. గౌరి ఏడుస్తూనే అంది: "మీరొత్తారని సూసిందమ్మా. రోజూ మజ్జాన్నం ఆ అరుగు మీదే కూకునీది. టీచరమ్మ సదవడానికి వత్తాదే అనీది."

ఏం మాట్లాడానో గుర్తు లేదు. లేచి చెప్పులు వేసుకుంటూ, అలవాటుగా, "వస్తానమ్మా" అనేశాను.

చావు జరిగిన ఇంట్లోంచి లేచేటప్పుడు ఆ మాట అనరు. మనవాళ్ళలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఏ ఇంటి నుంచైనా 'వెళ్తాను' అనకుండా 'వస్తాను' అంటాం, ఆ ఒక్క ఇంట్లో మాత్రం ఏమీ అనకుండా మెల్లగా లేచి వచ్చేస్తాం. గౌరి ఏడుపు ఆపి నా వైపు చూసింది. మూల కూచున్న ముసలామె ఒకావిడ గట్టిగానే అంది: "ఓలమ్మా, అదేటి మాట! సావింటికాడ అలగనీకూడదు."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. అదంతా చాదస్తమని నాకు నేను చెప్పుకుంటూ రోడ్డుదాకా వచ్చాను.

తర్వాతి ఆదివారం సుజాత ఇంట్లో ఉన్నాను. పుస్తకాల కట్టలు అప్పుడే ప్రెస్సు నుంచి వచ్చాయి. మా మరిది ఊళ్ళో లేడు. భోజనాలయ్యాయి, రెండున్నర అయివుంటుంది, గేటు నుంచి ఇంటర్‌కమ్ మోగింది. సుజాత తీసి, "అక్కా, నీకోసమట" అని నాకిచ్చింది.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ఆ వారమే చేరాడు. ఇచ్ఛాపురం మనిషి, మిలిటరీలో చేసి వచ్చినవాడు. ఒక్క మాట ఎక్కువ మాట్లాడడు.

"మేడం, ఒక పెద్దావిడ వచ్చారు. టీచరమ్మ వస్తానని రాలేదు, అందుకే నేనే వచ్చానంటున్నారు. ఏదో చదివి వినిపించాలట."

"పేరేమిటి?" అన్నాను.

"నీలమ్మ అంటున్నారు."

నేను పలక్కపోయేసరికి సరేనన్నాననుకున్నాడు. "పంపించేశాను మేడం" అని పెట్టేశాడు.

గేటు నుంచి సుజాత ఇంటికి అయిదు నిమిషాలు. మేమిద్దరం గుమ్మంలో నిలబడ్డాం. అరగంట అయినా ఎవరూ రాలేదు. ఎర్రటి ఎండ, వీధిలో కుక్క కూడా లేదు. సుజాత ఏమిటేమిటని అడుగుతూనే ఉంది. నేను చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా గేటు దగ్గరికి వెళ్ళాను.

మనిషి ఎలా ఉందని అడిగాను. పొట్టిగా ఉందన్నాడు. బూడిదరంగు చీరట. చెవులు తెగి ఉన్నాయట. "లోపలికి వెళ్తూ, సెట్టుందా అని అడిగారు మేడం. పార్కులో ఉందని చెప్పాను."

రిజిస్టరు తీసి చూపించాడు. పేరు, ఎవరింటికి, వచ్చిన టైము ఆయనే రాశాడు. సంతకం గడిలో వేలిముద్ర ఉంది. ముద్రంటే ముద్ర కాదు, ఒక్క గీత కూడా లేని నల్లటి మరక. నూనెలా కింది పేజీలోకి కూడా దిగింది.

"ఇంకు ప్యాడ్ ఏదీ?"

"మన దగ్గర లేదు మేడం. నేను పెన్ను ఇవ్వబోతే ఆవిడే వేలు పెట్టేసింది."

గేటు కెమెరా చూపించమన్నాను. అది రోడ్డు వైపు తిరిగి ఉంది, సెక్యూరిటీ గది కిటికీ అందులో పడదు. రెండు గంటల నుంచి మూడు దాకా చూశాం. ఒక పాల వ్యాను, రెండు బైకులు వెళ్ళాయి. నడిచి వచ్చిన మనిషి ఒక్కరూ లేరు.

నేనూ ఊరికే వదల్లేదు. గౌరిని అడిగాను. ఆరోజు, ఆదివారమైనా, కూలి పోతుందని ఆమె ఫ్యాక్టరీలోనే ఉంది, పక్కన కూచుని పిక్కలు కొట్టినవాళ్ళు కూడా చెప్పారు. పైగా గౌరి సంతకం పెడుతుంది. రవణమ్మే వచ్చి ఆటపట్టించిందా అనుకున్నాను. ఆమె పలాసలో చెల్లెలింట్లో ఉంది. జీడిరసం తిన్న వేళ్ళు ఈ చుట్టుపక్కల వందలమందికి ఉంటాయి, అదీ నిజమే. కానీ వాళ్ళలో ఎవరు ఆ ఎండలో నాకోసం వస్తారు?

ఇదంతా తర్వాత విచారించింది. ఆ క్షణంలో మాత్రం ఇంటికి పరిగెత్తి, బ్యాగులోంచి నా రఫ్ నోట్‌బుక్ తీసుకుని పార్కుకి వెళ్ళాను. సుజాత "నీకు పిచ్చిపట్టిందే అక్కా" అంటూ గొడుగు పట్టుకుని వెనకే వచ్చింది. చెట్టు కింద గట్టు మీద కూచుని, కొట్టేసిన ఆ పేరా పైకి చదివాను.

"ఈ కాలనీ ఉన్న చోట జీడితోట ఉండేది. దాన్ని నలభై ఏళ్ళు కాపాడింది నీలమ్మ..."

గాలి వీచలేదు. ఆకు కదల్లేదు. ఎవరూ కనబడలేదు. చదవడం అయ్యాక నాకు ఆగకుండా ఏడుపొచ్చింది. బతికుండగా ఆ అరుగు మీద కూచుని చదివితే ఎంతసేపు పట్టేది? రెండు నిమిషాలు. లేచేటప్పుడు మాత్రం నోరు విప్పలేదు, మెల్లగా వచ్చేశాను.

సాయంత్రం బస్సుకి బయల్దేరాను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన రిజిస్టరు తిప్పి నాచేత సంతకం పెట్టించుకుంటూ అడిగాడు.

"మేడం, నా డ్యూటీ అయిపోతోంది. ఆ పెద్దావిడ ఇంకా బయటికి రాలేదు. వెళ్ళిన టైము ఏమని రాయమంటారు?"

ఖాళీగా వదిలేయమన్నాను. ఆవిడ ఎలా వచ్చిందో, అసలు ఎవరు వచ్చారో నాకు ఈరోజుకీ తెలీదు. కాలనీకి వెళ్ళినప్పుడల్లా ఆ పాత రిజిస్టరు అడిగి తీయించి చూస్తాను. ఆ మరక అలాగే ఉంది. వెళ్ళిన టైము దగ్గర ఇప్పటికీ ఏమీ లేదు.