దూరాల పట్టీ మీద నడిచిన జీపు

1987 ఫిబ్రవరిలో నన్ను గద్వాలకు బదిలీ చేశారు. హోదా సహాయ భూగర్భ శాస్త్రవేత్త. పల్లెల్లో తాగునీటి బోరు ఎక్కడ వేయాలో చోటు చూసి, సున్నంతో గుర్తు పెట్టి, కాగితం రాసి ఇవ్వడం నా పని. తవ్వే యంత్రం మాది కాదు, దాని వెంట వచ్చే ఇంజనీర్లు మావాళ్లు కాదు. నీళ్లు పడితే పేరు వాళ్లది, పడకపోతే నాది. కృష్ణా డెల్టాలో కాలవ గట్టు మీద పెరిగినవాణ్ని తెచ్చి పాలమూరు మెట్టలో నీళ్లు వెతకమనడంలో ఉన్న హాస్యం మా పైఅధికారులకు తట్టినట్టు లేదు.

నా పరిధి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు. ఆఫీసు గద్వాలలో ఒక అద్దె ఇంటి ముందు గది. సిబ్బంది నేను, ఒక గుమాస్తా, ఒక డ్రైవరు. ఆస్తి అంటే భూమిలోకి కరెంటు పంపి లోపలి రాయి సంగతి చెప్పే ఒక పెట్టె, తీగ చుట్టలు, ఇనుప మేకులు, ఒక డీజిల్ జీపు. ఆ జీపు నాకు ముందు ముగ్గురు అధికారులను మోసింది. ముగ్గురికీ బదిలీ అయింది గానీ దానికి కాలేదు.

డ్రైవరు పేరు కుర్మయ్య. నాకంటే పద్నాలుగేళ్లు పెద్ద, అందుకని ‘మీరు’ అనేవాణ్ని. గద్వాల నేతవాళ్ల ఇంట పుట్టి, కూర్చుని చేసే పనే అయినా కదిలే పని కావాలని స్టీరింగు పట్టుకున్నాడు. ఇంట్లో మగ్గం ఆయన భార్య నరసమ్మ నడిపేది. కుర్మయ్య చాలా మర్యాదస్తుడు. ఏం చెప్పినా “అట్లనే సారూ” అనేవాడు. ఆ మాటకు ‘విన్నాను’ అనే తప్ప ‘ఒప్పుకున్నాను’ అని అర్థం లేదని తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఇక్కడ ఒక నిబంధన చెప్పాలి. ప్రభుత్వ వాహనం నిర్ణయించిన దూరం తిరిగాక దాన్ని తనిఖీకి పెడతారు. మెకానికల్ ఇంజనీరు వచ్చి చూసి పనికిరాదంటే వేలం వేస్తారు. మా భాషలో ‘కండెం’ అయిందంటాం. బండి కండెం అయితే దాని డ్రైవరు మిగులు సిబ్బంది కింద లెక్క. మిగులు డ్రైవర్ని, ఎక్కడ బండి ఉండి డ్రైవరు లేడో అక్కడికి పంపుతారు. ఆ ఏడాది అలాంటి ఖాళీ ఆదిలాబాదులో ఉంది. మా జీపు లాగ్ బుక్ ప్రకారం హద్దుకు కొద్ది వేల కిలోమీటర్లే తక్కువ. వేసవి పని అయ్యాక జూన్‌లో తనిఖీ ఉంటుందని మార్చిలోనే కాగితం వచ్చింది.

ఆదిలాబాదు గురించి కుర్మయ్య ఒకేసారి మాట్లాడాడు. “యాడికి పొమ్మంటె ఆడికి పోత సారూ. నౌకరి గద. మరి మగ్గం గుంతను ఎట్ల ఎత్కపోవాలె?”

నాకు వెంటనే అర్థం కాలేదు. వాళ్లది గుంత మగ్గం. ఇంటి నేల తవ్వి, నాలుగు గుంజలు పాతి, గుంతలోకి కాళ్లు వదిలి కూర్చుని నేస్తారు. మగ్గం విప్పి లారీలో వేసుకుపోవచ్చు, గుంతను వేసుకుపోలేరు. పైఊళ్లో అద్దె ఇచ్చినవాడు ఇంటి నడిమి నేల తవ్వుకోనివ్వడు. నరసమ్మ ఇక్కడ ఉంటే ఆయన అక్కడ ఒంటరిగా ఉండాలి. యాభై దగ్గర పడుతున్న మనిషి. నాకు నిజంగానే బాధనిపించింది.

జీపును జిల్లా వర్క్‌షాపుకు పంపితే నెలల తరబడి వరుసలో నిలబెడతారు. నిలబడ్డ బండిని కండెం చేయడం చాలా తేలిక. కాబట్టి మనమే బాగు చేసుకుందామన్నాను. ‘మనమే’ అంటే నేను ప్రణాళిక వేయడం, ఆయన జీపు కింద పడుకోవడం.

ప్రణాళిక మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. భూగర్భ పటాలు గీసే దళసరి కాగితం మీద, రంగు సిరాలతో, గళ్లు గీసి రాశాను. ఎడమ పక్క భాగాల పేర్లు, పైన కిలోమీటర్లు. గ్రీజు ఎన్ని కిలోమీటర్లకు, ఇంజన్ ఆయిల్ ఎన్నింటికి, టాపెట్లు ఎప్పుడు సరిచేయాలి, చక్రాల హబ్బులు విప్పి బేరింగులకు కొత్త గ్రీజు ఎప్పుడు దట్టించాలి, అన్నీ అందులో ఉన్నాయి. హబ్బంటే చక్రం నడిబొడ్డు. దాని లోపలి బేరింగు మీదే బండి బరువంతా తిరుగుతుంది. లాగ్ బుక్కులో అంకె చూసుకుంటూ గడి నిండగానే ఆ పని చేయాలి. గోడకు తగిలించాను. కుర్మయ్య చేతులు కట్టుకుని చాలాసేపు చూశాడు.

“మస్తు గీసిన్రు సారూ. పెండ్లి పత్రిక లెక్కనే ఉంది” అన్నాడు.

నేను దాన్ని మెప్పుకోలు కింద తీసుకున్నాను.

మొదటి ఆదివారం ఉత్సాహం పట్టలేక నేను కూడా జీపు కిందికి దూరాను. గ్రీజు గన్ను నొక్కితే, లోపలికి పోవలసిన గ్రీజు నా మెడలోకి దిగింది. రెండో ఆదివారం నుంచి నేను బయట స్టూలు వేసుకుని గళ్లలో టిక్కులు పెట్టేవాణ్ని. ఆయన కుదుపులు మోసే కమాన్ కట్టల మధ్య తుప్పు గీకి ఆయిలు పోసేవాడు, గాలి వడగట్టే డబ్బాలోంచి నాగర్‌కర్నూలు ఎర్రదుమ్మును కడిగేవాడు, ఫ్యాన్ బెల్టు వేలితో నొక్కి చూసేవాడు. ఏప్రిల్ దాకా జీపు గొణక్కుండా నడిచింది. అది నా కాగితం గొప్పే అనుకున్నాను.

మే మొదట్లో ఒక ఆదివారం కుర్మయ్య వెనక చక్రాలు విప్పుతానన్నాడు. హబ్బులు చూడాలట. కాగితం చూశాను. హబ్బులకు ఇంకా రెండు నెలల తిరుగుడు ఉంది. ఇప్పుడు వద్దన్నాను. “జర గరమైతున్నయ్ సారూ, చెయ్యి పెట్టి సూసిన” అన్నాడు. ఎండాకాలంలో ఏది వేడెక్కదని అడిగాను. ఒక పని ముందుకు జరిపితే గళ్లన్నీ తారుమారవుతాయని కూడా వివరించాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన “అట్లనే సారూ” అని స్పానర్లు సంచిలో వేసుకున్నాడు.

ఆ గురువారమే మల్దకల్ దాటి లోపలున్న ఒక పల్లెకు చోటు చూడటానికి బయలుదేరాం. మర్నాటికి తవ్వే యంత్రం అక్కడికి వస్తుంది. వచ్చేసరికి సున్నం గుర్తు లేకపోతే పక్క ఊరికి పోతుంది, మళ్లీ వానలు పోయాకే రాక. పల్లె ఇంకా రెండు మైళ్లుందనగా వెనక నుంచి కీచుమని అరుపు, ఆ వెంటనే మాడిన గ్రీజు వాసన. కుర్మయ్య బండి ఆపి దిగి, కుడి చక్రం నడిమి మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. బేరింగు పట్టేసింది.

నేనే అడ్డం తిరిగి, లాగ్ బుక్ ప్రకారం ఈ బేరింగు ఇంకా చాలా దూరం నడవాలి కదా అన్నాను. అప్పుడు చెప్పాడు, స్టీరింగు వెనకున్న, వేగమూ దూరమూ చూపే మీటరు నాలుగేళ్ల నుంచి తిరగడం లేదని.

బండి తిరుగుడును మీటరుకు అందించే కేబులు తెగిందట. నాకు ముందున్న అధికారి కొత్తదానికి ఇండెంటు పెట్టి, అది వచ్చేదాకా దూరాల పట్టీ చూసి రాయమన్నాడు. దూరాల పట్టీ అంటే ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని కిలోమీటర్లో ఆమోదించి ఆఫీసులో పెట్టుకునే జాబితా. కేబులు రాలేదు, అధికారి వెళ్లిపోయాడు, ఆ ఆదేశం మిగిలింది. పట్టీలో ఉన్నది తారు రోడ్డు మీద ఊరి మొగదల దాకా దూరం. మేము తిరిగేది అక్కడి నుంచి చెలకల్లో, వాగుల్లో, రాళ్లలో. రోజూ పట్టీ చెప్పినదానికి సగం మేర అదనంగా తిరిగేవాళ్లం, అదీ రెండో గేరులో.

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

“మీరు అడగలే గద సారూ. రోజు పక్కనే కూసుంటున్రు. సూస్తున్రనుకున్న.”

చూడలేదు. మూడు నెలలు ఆ ముందు సీట్లో కూర్చుని నేను రోడ్డు పక్క రాళ్లు చూశాను. ముల్లు సున్నా మీద నిద్రపోతోందని ఒక్కరోజూ గమనించలేదు. అంతకంటే ఘోరం, లాగ్ బుక్కులో ప్రతి పేజీ కింద ‘సరిచూశాను’ అని సంతకం చేసింది నేనే. మరి కాగితం గీసినప్పుడైనా చెప్పవచ్చు కదా అంటే, “అంత మంచిగ గీసినంక ఎట్ల చెప్పాలె సారూ” అన్నాడు.

ఊరివాళ్లు ఎడ్లబండి పంపారు. పెట్టె, తీగలు, నేను దాని మీద వెళ్లాం. బండి తోలే పెద్దాయన దారంతా జీపుల కంటే ఎద్దులెందుకు మేలో చెబుతూనే ఉన్నాడు. పొద్దు వాలకముందే చోటు గుర్తించి సున్నం వేశాను. మర్నాడు బోరులో నీళ్లు పడ్డాయి, ధార సన్నగానే గానీ. కుర్మయ్య అదే రోజు గద్వాల నుంచి బస్సులో బేరింగు తెచ్చుకుని, ఆగిన చోటే జాకీ మీద ఎత్తి బిగించాడు.

అసలు చిక్కు ఆ తర్వాతే మొదలైంది. లాగ్ బుక్ ప్రకారం జీపు హద్దు లోపల ఉంది. నిజం లెక్కిస్తే ఎప్పుడో దాటింది. నిజం రాస్తే కండెం, కండెం అయితే ఆదిలాబాదు. “రాయకుంటె ఏమైతది సారూ?” అని కుర్మయ్య అడిగాడు. గొంతులో బతిమాలడం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. రెండు రోజులు ఆలోచించాను. తనిఖీకి వచ్చినవాడు జీపు ఎక్కి నాలుగు అడుగులు తోలగానే ముల్లు సంగతి బయటపడుతుంది, అప్పుడు అబద్ధం రాసిన తప్పు కుర్మయ్య నెత్తికి చుట్టుకుంటుంది. మీటరు పనిచేయదనీ, నేను చూడకుండా సంతకాలు చేశాననీ పాలమూరులోని జిల్లా ఆఫీసుకు ఉత్తరం రాశాను. పోస్టు డబ్బాలో వేసేటప్పుడు భయం వేసింది. తప్పు నాది, పోయేది ఆయన ఇల్లు. ఆ వారం కుర్మయ్య నాతో “అట్లనే సారూ” తప్ప మాట్లాడలేదు.

రంగుల కాగితం తీసేశాను. ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి, కిలోమీటర్లు వదిలేసి, బండికి ఏ దారి ఏం చేస్తుందో చెప్పమన్నాను. ఆయన చెబుతుంటే నేను రాశాను. అలంపూర్ వైపు రేగడిలో దిగితే ఆ వారమే చక్రాలు విప్పి కడగాలి. వాగు దాటితే, నీళ్లు హబ్బు దాకా వచ్చాయా లేదా చూసి, వస్తే గ్రీజు మార్చాలి. ఖిల్లా ఘణపూర్ రాళ్ల దారిలో పోయి వస్తే కమాన్ కట్టల బోల్టులు, బ్రేకులు. నాగర్‌కర్నూలు దుమ్ములో తిరిగితే గాలి డబ్బా ఏ రోజుకారోజే. వనపర్తి తారు రోడ్డుకు ఏమీ అక్కర్లేదు, “ఆ దినం బండికి సెలవే సారూ” అన్నాడు. అర ఠావు కాగితంలో సరిపోయింది, దాన్నే గోడకు తగిలించాను. జూన్ దాకా దాని ప్రకారమే చేశాం. నేను మళ్లీ జీపు కిందికి దూరాను, ఈసారి గ్రీజు ఎక్కువ భాగం లోపలికే వెళ్లింది.

తనిఖీకి వచ్చిన మెకానికల్ ఇంజనీరు మాట పొదుపు మనిషి. నా ఉత్తరం ఆయన జేబులోనే ఉంది. జీపు కింద పాత పేపరు పరుచుకుని పడుకుని చూశాడు. తానే స్వయంగా మల్దకల్ దాకా తోలుకుపోయి తిరిగి వచ్చి, నాలుగు హబ్బుల మీదా ఒకదాని తర్వాత ఒకటి అరచెయ్యి ఆనించాడు. నాలుగో దాని మీద చెయ్యి చాలాసేపు ఉంచాడు. కుర్మయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత ఇంజనీరు గోడ మీది కాగితం చదివి ఎవరు రాశారని అడిగాడు. మాట కుర్మయ్యది, అక్షరాలు నావి అన్నాను.

అక్కడికక్కడే రాసిచ్చాడు. వాహనం హద్దు దాటినప్పటికీ మరో రెండేళ్లు వాడకానికి పనికి వస్తుంది, వారంలోగా మీటరు కేబులు మార్చాలి. నాలుగేళ్లు రాని కేబులు ఆ సంతకంతో ఐదు రోజుల్లో వచ్చింది. బిగించిన రోజు ముల్లు లేచి కదులుతుంటే నేను దాని మీంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. కొంత దూరం పోయాక కుర్మయ్య, “రాళ్లను గూడ జర సూడుండ్రి సారూ, నౌకరి గదే గద” అన్నాడు. ఆ నెలన్నరలో ఆయన నన్ను ఆటపట్టించడం అదే మొదలు.

పదిరోజులకు నాకు మెమో వచ్చింది. పనిచేయని మీటరుకు ‘సరిచూశాను’ అని ఎలా సంతకం చేశారో పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. చూడలేదు కాబట్టి చేశాను అని రాశాను. సంజాయిషీ సంతృప్తికరంగా లేదనీ, ఇకపై జాగ్రత్తగా ఉండాలనీ హెచ్చరించి, ఆ కాగితాన్ని నా సర్వీసు పుస్తకంలో అంటించారు. కుర్మయ్య పదవీ విరమణ దాకా గద్వాలలోనే పనిచేశాడు.

పాత బండిని సొంతంగా చూసుకోవాలనుకునేవాళ్లకు ఆ ఉద్యోగం నాకు నేర్పింది చెబుతాను. ప్రణాళిక కిలోమీటర్లతో మొదలు పెట్టకండి, దారులతో మొదలు పెట్టండి. తోలేవాడు వేడెక్కుతోందంటే ఆ రోజే విప్పండి. ఆయన మీ మాటకు వెంటనే సరేనంటే, ఇంకోసారి అడగండి.