యాభై లెన్సు ముక్కులు

మా బాబాయికి ఫోటో స్టూడియో ఉంది. గది ఎంత చిన్నదంటే, కస్టమరు తుమ్మితే కెమెరా తుడుచుకోవాలి. ఆయన సిద్ధాంతం ఒక్కటే: "యాభై ఎమ్మెమ్ లెన్సంటే మనిషి కన్ను. కన్ను ఎలా చూస్తుందో అదీ అలాగే చూస్తుంది." కుర్రతనంలో ఏదో పుస్తకంలో ఆ వాక్యం చదివి, అక్కడితో పుస్తకం మూసేశాడు. పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

యాభై లెన్సుతో ముఖం నిండుగా రావాలంటే మూరెడు దూరంలో నిలబడాలి. అప్పుడు ముక్కు ముందుకొస్తుంది, చెవులు వెనక్కి దాక్కుంటాయి. మా పేటలో ఎవరి గుర్తింపు కార్డు చూసినా ముందు ముక్కే పలకరిస్తుంది. జనం అది తమ ముక్కే అనుకుని సర్దుకుపోయారు. సర్దుకుపోవడం మావాళ్లకి కొత్త కాదు.

పిన్ని సర్దుకుపోలేదు. ఆవిడ మా స్టూడియో పక్కనే కుట్టు కొట్టు తెరుస్తోంది. బోర్డు మీదికి ఫోటో కావాలి. బాబాయి తీసిచ్చాడు.

"ఎవరీవిడ?" అంది పిన్ని.

"నువ్వే. కన్ను అబద్ధం చెప్పదు."

"ఈ ముక్కు చూశాక కొలతలివ్వడానికి ఎవరొస్తారు? రేపు ఎదురు స్టూడియోలో దిగుతా."

ఎదురు స్టూడియోవాడు బాబాయి దగ్గరే పని నేర్చుకుని, ఎదురుగానే కొట్టు పెట్టినవాడు. సొంత పెళ్లామే అక్కడ ఫోటో దిగితే బాబాయి ఇక తలుపులు మూసుకోవడమే. ఆ రోజు అన్నం సహించలేదు.

"కన్నుకి ఒక నంబరంటూ ఉండదు బాబాయ్," అన్నాను. "గదంతా కనిపిస్తుంది, స్పష్టంగా మాత్రం చాచిన చేతి బొటనవేలంత మేరే."

"అయితే నీ బొటనవేలితో ఫోటో తియ్యి."

"తప్పు లెన్సుది కాదు, దగ్గరకెళ్లడానిది. అంత దగ్గర నుంచి మన ముఖం చూసేది పళ్ల డాక్టరొక్కడే. బీరువాలో పడున్న ఆ రెండు వందల లెన్సు దూరాన్ని దగ్గరకి లాగుతుంది, అది పెట్టుకుని వెనక్కి జరుగు."

మర్నాడు పొద్దున్నే పిన్ని ఆఖరి అవకాశమన్నట్టు స్టూడియో కుర్చీలో కూర్చుని, "ఈసారి పక్కనున్న కుట్టు మిషను కూడా పడాలి," అంది. బాబాయి వెనక్కి జరిగాడు. గోడ తగిలింది. తలుపు తీసి వీధిలోకి దిగాడు. మిషను సగమే పట్టింది. స్కూటరువాడొకడు తిట్టిపోయాడు. ఇంకా జరిగితే మడమకి ఎదురు స్టూడియో మెట్టు తగిలింది.

"రండి గురువుగారూ," అన్నాడు వాడు. "మీ ఆవిడ మీ కొట్లో, మీరు నా మెట్టు మీద. ఫోటో ఎవరిదవుతుంది?"

"లెన్సు నాది."

"మెట్టు నాది."

"తగువు తర్వాత పడండి, నా నడుం పట్టేసింది," అని పిన్ని అవతల నుంచి కేకేసింది. బాబాయి నొక్కాడు.

ఫోటోలో ముక్కు ముక్కున్నచోటే ఉంది. మిషనూ పడింది. పిన్ని చూసుకుని, నేరుగా బోర్డు రాసేవాడికి ఇచ్చింది. మా ఇంట్లో అంతకు మించిన మెప్పు లేదు.

ఆ బోర్డు చూసి జనం అలాంటి ఫోటోలే అడుగుతున్నారు. కస్టమరు బాబాయి కొట్లో, బాబాయి ఎదురు మెట్టు మీద. మెట్టుకి బదులుగా వాడికి టీ పొయ్యాలి, పైగా వాడి సలహాలు వినాలి. మీ ఆయనేరీ అని ఎవరైనా అడిగితే పిన్ని తలెత్తకుండా కత్తెరతో వీధి అవతలకి చూపిస్తుంది.